కోల్చెస్టర్ ముట్టడి (1648): ఊరిది ఒక పక్షం, ఊళ్ళో దిగిన దండుది ఇంకో పక్షం

కోల్న్‌ఒడ్డు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో కోల్చెస్టర్ అనే ఊళ్ళో ఉంటున్నాను. ఎసెక్స్ యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం దొరికి ఉండిపోయాను. ఇక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ ఈ ఊరి కథ మా మాటల్లో ఎప్పుడూ రాలేదు.

ఇవాళ ఈస్ట్ స్ట్రీట్‌లో నది పక్కనున్న పాత కొయ్య ఇంటి ముందు ఆగాను. సీజ్ హౌస్ అంటారు, అంటే ముట్టడి ఇల్లు. నల్లటి దూలాల మీద తుపాకీ గుళ్ళు దిగిన గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. కనబడటానికి వాటి చుట్టూ ఎర్ర రంగు పూశారు. ఒకదాంట్లో చూపుడు వేలు పెట్టి చూశాను, గోరు మొత్తం లోపలికి పోయింది. కొయ్య అంచులు అరిగి నున్నగా అయ్యాయి. నాలాగే ఎంతమంది వేలు పెట్టి చూశారో.

ఆ గుళ్ళు 1648 వేసవివి. ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో రెండో విడత అది. రాజు పక్షం దండు ఈ ఊళ్ళో చిక్కుకుపోయింది. పార్లమెంటు సేనాపతి థామస్ ఫెయిర్‌ఫాక్స్ జూన్ 13 నుంచి ఆగస్టు 28 దాకా, అంటే పదకొండు వారాలు, ఊరిని చుట్టుముట్టి కూర్చున్నాడు. లోపల జనం గుర్రాలు, కుక్కలు, పిల్లులు, చివరికి సబ్బు, కొవ్వొత్తులు కూడా తిన్నారట.

నాకు అర్థం కానిది ఒకటే. ఈ ఊరు మొదటి నుంచీ పార్లమెంటు పక్షం. మరి రాజు దండుని లోపలికి ఎందుకు రానిచ్చారు? ఆకలితో చచ్చిన జనం బయటున్న సేనాపతి పక్షంవాళ్ళే కదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తెనాలి_మాస్టారు | శనివారం, రాత్రి 11:05

మంచి ప్రశ్న తమ్ముడూ. రిటైరయ్యేదాకా హైస్కూల్లో చరిత్ర చెప్పాను. ఈ ముట్టడి గురించి చదివిన ప్రతిసారీ నాకూ అక్కడే ముల్లు గుచ్చుకుంటుంది.

ముందు జరిగింది చెప్తాను. మొదటి అంతర్యుద్ధం 1646కి ముగిసింది, చార్లెస్ రాజు బందీ అయ్యాడు. 1648లో మళ్ళీ అక్కడక్కడా తిరుగుబాట్లు లేచాయి. కెంట్‌లో లేచినవాళ్ళని జూన్ 1న మెయిడ్‌స్టన్ దగ్గర ఫెయిర్‌ఫాక్స్ చితక్కొట్టాడు. మిగిలినవాళ్ళు నార్విచ్ ప్రభువు వెంట థేమ్స్ నది దాటి ఎసెక్స్‌లోకి వచ్చిపడ్డారు. ఆ లోపే చెమ్స్‌ఫర్డ్‌లో స్థానిక దళం ఒకటి రాజు వైపు తిరిగి, పార్లమెంటు తరఫు కౌంటీ కమిటీ పెద్దల్ని పట్టుకుంది. ఆ బందీలనీ వెంటబెట్టుకునే అందరూ కోల్చెస్టర్‌కి వచ్చారు.

కోల్చెస్టరే ఎందుకంటే, వాళ్ళ నాయకుల్లో ముఖ్యుడు సర్ చార్లెస్ లూకస్‌ది ఆ ఊరే. ఊరి గోడకి అవతల సెయింట్ జాన్స్ ఆబీ అనే పాత మఠం పక్కన వాళ్ళ ఇల్లు. కానీ సొంత ఊరని ప్రేమగా పిలుచుకునే సంబంధం కాదది. 1642 ఆగస్టులో, యుద్ధం మొదలవుతుండగానే, ఊరి జనం ఆ ఇంటి మీద పడి దోచేశారు. లూకస్ ఆరేళ్ళ తర్వాత దండుతో తిరిగొచ్చాడు.

జూన్ 12న వచ్చినప్పుడు ఊరివాళ్ళు కొందరు అడ్డం నిలబడ్డారు, ఆపలేకపోయారు. దోపిడీ చెయ్యం అన్న మాట మీద తలుపులు తెరిచారు. వచ్చినవాళ్ళు కూడా కొద్దిరోజులు ఆగి, మనుషుల్ని పోగుచేసుకుని ముందుకు పోదామనే అనుకున్నారు. మర్నాడే ఫెయిర్‌ఫాక్స్ గుమ్మంలో ఉన్నాడు.

మాజీ_సుబేదారు | ఆదివారం, ఉదయం 6:20

నమస్తే మాస్టారూ. 13వ తేదీ గురించి ఒక మాట చెప్పనివ్వండి, మిగతాదంతా అక్కడే తేలిపోయింది.

ఫెయిర్‌ఫాక్స్ దూకుడు మనిషి. వచ్చీరాగానే ఒక్క దెబ్బతో తేల్చేద్దామనుకున్నాడు. ఊరి బయట రాజు దండుని వెనక్కి నెట్టి, హెడ్ గేట్ దాకా తరిమాడు. తరుముతూ అతని మనుషులు కొందరు గేటు లోపలికీ వెళ్ళిపోయారు. లోపలివాళ్ళు తిరగబడి తలుపు మూసేశారు. గడియకి అడ్డుకర్ర దొరక్కపోతే రాజు దండు నాయకుల్లో ఒకడైన కేపెల్ ప్రభువు తన చేతికర్రే దూర్చి బిగించాడంటారు. అర్ధరాత్రి దాకా కొట్టుకున్నా గేటు దక్కలేదు. ఫెయిర్‌ఫాక్స్‌కి వందల మంది నష్టం.

ఇక అక్కణ్ణుంచి దాడి మాట కట్టిపెట్టి, చుట్టూ కందకాలు తవ్వించి, మధ్యమధ్య చిన్న కోటలు కట్టించాడు. సఫోక్ దళాలు వచ్చి నది అవతల వైపు మూసేశాయి. మెర్సీ ద్వీపంలో సముద్రం దారికి కాపలా ఉన్న చిన్న కోట ముందే పట్టుకున్నాడు. హారిచ్ నుంచి వచ్చిన పార్లమెంటు ఓడలు కోల్న్ నది నోరు మూసేశాయి. ఇంక లోపలికి గింజ పోదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. లోపలివాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. బయట నాలుగు వైపుల నుంచీ సాయం వస్తుందని లెక్కేసుకున్నారు. ఉత్తరం నుంచి హామిల్టన్ స్కాట్ సైన్యం, లండన్ దగ్గర హాలండ్ ప్రభువు తిరుగుబాటు, నౌకాదళంలో రాజు వైపు తిరిగిన ఓడలు. ఫెయిర్‌ఫాక్స్‌ని ఇక్కడ కట్టిపడేస్తే అంతమేరకు మిగతావాళ్ళకి ఊపిరి. సైనికుడిగా చూస్తే ఆ లెక్కలో తప్పు లేదు.

వరంగల్_అమ్మాయి | ఆదివారం, ఉదయం 10:15

సుబేదారు గారూ, మీ మాట కాదనను. కానీ ఆ లెక్కలో ఊరి జనం ఎక్కడున్నారు? పదివేల మందికి తక్కువ కాని ఊరు. ఎక్కువమంది ఉన్ని బట్ట నేసి బతికేవాళ్ళు. అందులో డచ్‌వాళ్ళ పేట ఒకటి. వాళ్ళు ఎనభై ఏళ్ళ కిందట మతపీడన తప్పించుకుని ఫ్లాండర్స్ నుంచి వచ్చి, బేస్ అనే బట్ట నేసి ఆ ఊరికి పేరు తెచ్చారు. మాది నేత కుటుంబం. ముట్టడి అనగానే నా కళ్ళకి ఫిరంగులు కనిపించవు, ఆగిపోయిన మగ్గాలు కనిపిస్తాయి. నూలు రాదు, నేసింది లండన్ పోదు. పనివాడికి వారం కూలి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. తిండి అయిపోవడానికి చాలా ముందే వాళ్ళ ముట్టడి మొదలైపోయి ఉంటుంది.

పైగా ఆ వేసవంతా వాన. ఇంగ్లండ్‌లో ఆ ఏడు వానలు అంత విపరీతంగా కురిశాయని చదివాను. కందకాల్లో సైనికులకీ నరకమే, లోపల ఇళ్ళు కాలిపోయి గూడు లేనివాళ్ళకీ నరకమే.

కోల్న్‌ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

అక్కా, మీరు చెప్పిన పేట ఇప్పటికీ ఉంది. పేరు కూడా డచ్ క్వార్టర్. కొయ్య ఇళ్ళు, ఇరుకు సందులు, కోట వెనకాలే. నా స్నేహితుడు అక్కడే అద్దెకి ఉంటాడు. మేం మెట్ల మీద కూర్చుని బిర్యానీ తిన్న చోట వాళ్ళు ఆ వేసవి ఏం తిన్నారో నాకు నిన్నటిదాకా తెలియదు.

మాస్టారూ, ఇంకోటి. మా అన్నయ్య కూతురు యూకేజీ. వీడియో కాల్‌లో హంప్టీ డంప్టీ పాడింది. ఆ హంప్టీ డంప్టీ ఈ ముట్టడిలో చర్చి మీద నుంచి పడిపోయిన ఫిరంగి పేరని ఇక్కడ అందరూ చెప్తారు. నిజమేనా?

తెనాలి_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:50

ఫిరంగి నిజం, పేరు మాత్రం కాదు తమ్ముడూ.

గోడకి ఆనుకుని సెయింట్ మేరీస్ చర్చి ఉంది కదా, దాని గోపురం మీదకి రాజు దండు ఒక తోపు ఎక్కించింది. ఒంటికన్ను థాంప్సన్ అనే గోలందాజు దాంతో పార్లమెంటు దండుని బాగా ఇబ్బంది పెట్టాడు. జూలైలో బయటి ఫిరంగులన్నీ దాని మీదకే తిప్పి, గోపురం పైభాగం కూల్చారు. తోపూ పోయింది, మనిషీ పోయాడు. ఇంతవరకూ నమ్మొచ్చు.

ఆ తోపుని హంప్టీ డంప్టీ అని పిలిచినట్టు ఆ కాలంలో ఎవరూ రాయలేదు. ఆ పాట అచ్చులో కనిపించింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. దాన్ని ముట్టడితో ముడిపెట్టిన ఊహ ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది, అదీ ముందు 1643 నాటి గ్లోస్టర్ ముట్టడి గురించి. తర్వాత ఎవరో తెచ్చి కోల్చెస్టర్‌కి అంటించారు. పిల్లలు పాడుకోవడానికి అభ్యంతరం లేదు. నా బాధంతా, ఆ కథ వల్ల ఆకలి కథ వెనక్కిపోయిందని.

నువ్వు వెళ్ళినప్పుడు ఆ గోపురం చూడు. కింద రాయి, పైన తర్వాత కట్టిన ఇటుక. ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది.

మాజీ_సుబేదారు | ఆదివారం, రాత్రి 8:10

తమ్ముడు చూసిన గుళ్ళ గుంటల సంగతి నేను చెప్తాను. జూలై మొదటి వారంలో లూకస్, సర్ జార్జ్ లైల్ ఇద్దరూ తెల్లవారకముందే ఈస్ట్ గేట్ నుంచి దండుతో బయటికి దూకారు. వంతెన దాటి సఫోక్ దళాన్ని చెదరగొట్టి, రెండు ఫిరంగులు పట్టుకున్నారు. ఆ ఊపులో మరీ ముందుకి పోయేసరికి ఫెయిర్‌ఫాక్స్ గుర్రపుదండు మీదపడింది. తిరిగి గోడ చేరేలోపు చాలామంది పోయారు. ఆ ఇల్లు ఆ వంతెన పక్కనే.

జూలై మధ్యలో లూకస్ ఇల్లు, సెయింట్ జాన్స్ గేట్‌హౌస్ కూడా పోయాయి. గేట్‌హౌస్ లోపల మందుగుండు అంటుకుని పేలింది. పార్లమెంటు సైనికులు లూకస్ కుటుంబం సమాధుల్ని కూడా తవ్వి, ఎముకలు చెల్లాచెదురు చేశారు. నేను ఏ సైన్యం పక్షాన ఉన్నా దీన్ని సమర్థించను.

వరంగల్_అమ్మాయి | ఆదివారం, రాత్రి 10:30

సుబేదారు గారూ, చనిపోయినవాళ్ళ ఎముకల దగ్గర మీరు ఆగారు. బతికున్న ఆడవాళ్ళ దగ్గర కూడా ఆగండి.

ఆగస్టు వచ్చేసరికి జనం నార్విచ్ ప్రభువు ఇంటి ముందు పోగయ్యారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి, లొంగిపొండి, లేకపోతే మమ్మల్నైనా బయటికి పంపండి అని ఏడ్చారు. చివరికి కొన్ని వందల మంది ఆడవాళ్ళని గేటు తెరిచి బయటికి పంపారు. ఫెయిర్‌ఫాక్స్ దండు వాళ్ళని రానివ్వలేదు. ముందు బెదిరించడానికి కాల్చారు. అయినా వాళ్ళు ఆగకుండా నడిచి వచ్చారు. అప్పుడు కొందరి బట్టలు ఊడదీసి వెనక్కి తరిమారు. వెనక్కి వస్తే గేటు మూసి ఉంది. గోడకీ కందకానికీ నడుమ నిలబడ్డారు. ఇటు ఎవరూ తియ్యరు, అటు ఎవరూ రానివ్వరు.

వాళ్ళలో చాలామంది మొగుళ్ళు, అన్నదమ్ములు ఫెయిర్‌ఫాక్స్ పక్షాన పనిచేసినవాళ్ళు అయి ఉంటారు. ఒక్క పేరు కూడా రాసి పెట్టలేదు. లైల్ చనిపోయే ముందు ఏమన్నాడో, లూకస్ ఏమన్నాడో మాత్రం రాశారు.

మాజీ_సుబేదారు | సోమవారం, ఉదయం 6:05

అమ్మా, రాత్రంతా మీ మాట గురించే ఆలోచించాను.

ఫెయిర్‌ఫాక్స్ ఎందుకు అలా చేశాడో నాకు తెలుసు. బయటికి పంపిన ప్రతి నోరూ లోపలి సైన్యానికి ఒక రోజు తిండి మిగిలిస్తుంది. ఒక్కరిని వదిలితే వెయ్యిమందిని వదలాలి. ఉత్తరాన పార్లమెంటు పక్షం ఇంకో సేనాపతి క్రామ్‌వెల్ స్కాట్‌లతో తలపడబోతున్నాడు, అక్కడ ఓడితే ఇక్కడ ఈ దండు బతికి బయటపడి లండన్ మీద పడుతుంది. ముట్టడి చేసే సేనాపతులు ఆ రోజుల్లో మామూలుగా జనాన్ని వదిలేవాళ్ళు కారు. అది పద్ధతి.

పద్ధతి అని రాస్తుంటే చెయ్యి ఆగింది. నేను సర్వీసులో ఉండగా ఒకసారి మంచుకొండల దగ్గర గ్రామం ఖాళీ చేయించాం. ఒక ముసలావిడ బర్రెని వదిలి రానని గుమ్మంలో కూర్చుంది. మేం ఆమెని ఎత్తుకొచ్చాం, బర్రెనీ తోలుకొచ్చాం. దానివల్ల గంట ఆలస్యమైంది, పైనుంచి తిట్లు కూడా పడ్డాయి. ఆ గంట ఇవ్వగలిగాం గనక ఇచ్చాం. ఫెయిర్‌ఫాక్స్ ఇవ్వలేకపోయాడా, ఇవ్వదలుచుకోలేదా అన్నది నేను చెప్పలేను. కానీ బట్టలు ఊడదియ్యడం ఏ లెక్కలోకీ రాదు. అది శిక్ష పడాల్సిన నేరం.

పాత_బందరు | సోమవారం, మధ్యాహ్నం 12:40

మూడు రోజులుగా చదువుతున్నాను. ఒక ముక్క మన వైపు నుంచి.

ఈ ముట్టడి జరిగేనాటికి ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు పెట్టి 37 ఏళ్ళు, మద్రాసులో సెయింట్ జార్జ్ కోట మొదలై ఎనిమిదేళ్ళు. ఆ అంతర్యుద్ధం పగ ఇక్కడికీ వచ్చింది. 1665లో ఆ కోటకి కొత్త ఏజెంటుగా, అంటే కంపెనీ పెద్దగా, ఫాక్స్‌క్రాఫ్ట్ వచ్చాడు. ప్యూరిటన్ మనిషి, అంటే అంతర్యుద్ధంలో ఎక్కువగా పార్లమెంటు వైపు నిలిచిన మతవర్గం వాడు. పాత ఏజెంటు ఎడ్వర్డ్ వింటర్, అంతకుముందు బందరులో పనిచేసినవాడే, ఫాక్స్‌క్రాఫ్ట్ రాజుకి వ్యతిరేకంగా మాట్లాడాడని నేరం మోపి కోటలోనే బంధించాడు. ఆ గొడవలో ఒక మనిషి ప్రాణం కూడా పోయింది. 1668లో గానీ ఫాక్స్‌క్రాఫ్ట్ బయటికి రాలేదు. అంటే 1649లో చార్లెస్ రాజు తల పోయి పదహారేళ్ళయినా, "నువ్వు ఎవరి పక్షం" అన్న మాటతో మద్రాసులో కూడా మనిషిని జైల్లో వెయ్యగలిగారు.

సరే, అసలు విషయానికి రండి. లొంగుబాటు గురించి మాస్టారు చెప్పలేదు.

తెనాలి_మాస్టారు | సోమవారం, రాత్రి 9:00

బందరు కథకి చాలా సంతోషం. ఇక లొంగుబాటు.

ఆగస్టు 17 నుంచి 19 దాకా ప్రెస్టన్ దగ్గర క్రామ్‌వెల్ స్కాట్ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. హాలండ్ ప్రభువు జూలైలోనే పట్టుబడ్డాడు. ఓడలు రాలేదు. ఈ వార్త లోపలివాళ్ళకి ఎలా చేరిందో తెలుసా? ముట్టడి చేసేవాళ్ళు గాలిపటాలకి కాగితాలు కట్టి ఊరి మీదకి ఎగరేశారు. ఆకలితో ఉన్న పిల్లలు తలెత్తి చూస్తే ఆకాశంలో గాలిపటం, అందులో మన పక్షం గెలిచింది అని రాసి ఉంది. లోపలి జనానికి అది మంచి వార్తే. ఊరిని పట్టుకుని కూర్చున్న సైన్యానికి చావు వార్త.

ఆగస్టు 28న గేట్లు తెరిచారు. మూడు వేల పైచిలుకు మంది లొంగారు. షరతుల్లో ఒక మెలిక ఉంది. మామూలు సైనికులకి ప్రాణాలు తియ్యం అని మాట ఇచ్చారు. పెద్ద అధికారుల్ని మాత్రం "దయకి" లొంగమన్నారు. దయ అంటే కరుణ అని మనం అనుకుంటాం. అక్కడ అర్థం వేరు: చంపినా సరే, వదిలినా సరే, గెలిచినవాడి ఇష్టం.

ఆ సాయంత్రమే కోట వెనక లూకస్‌నీ లైల్‌నీ కాల్చేశారు. ఏ చట్టం కింద అని లూకస్ అడిగాడు. వాదనకి దిగింది పార్లమెంటు దండులో పెద్ద అధికారి ఐర్టన్. పార్లమెంటు మీద తిరగబడ్డ ద్రోహులని ఒక కారణం, లూకస్ ఇదివరకు పట్టుబడి విడుదలైనప్పుడు ఇచ్చిన మాట తప్పాడని ఇంకొకటి. లూకస్ ముందు పోయాడు. లైల్ వంగి అతన్ని ముద్దుపెట్టుకుని, తుపాకీవాళ్ళని దగ్గరికి రమ్మన్నాడట. మూడో మనిషి గాస్కోయిన్. అసలు పేరు గ్వాస్కోని, ఫ్లారెన్స్ వాడు. చొక్కా విప్పి సిద్ధమయ్యాక విదేశీయుడని వదిలారు. ఇతన్ని చంపితే ఇటలీలో తిరిగే ఇంగ్లీషువాళ్ళకి ముప్పని భయం.

కేపెల్‌ని 1649 మార్చి 9న లండన్‌లో నరికారు. నార్విచ్ ఒక్క ఓటుతో బతికాడు.

వరంగల్_అమ్మాయి | సోమవారం, రాత్రి 10:20

మరి ఊరు?

తెనాలి_మాస్టారు | సోమవారం, రాత్రి 10:45

ఊరికి 14,000 పౌండ్ల జరిమానా వేశారమ్మా. దోచుకోకుండా ఉండటానికి కట్టాల్సిన సొమ్మది. తర్వాత కొంత తగ్గించారు. అందులో పెద్ద భాగం మీరు చెప్పిన డచ్ నేతవాళ్ళ మీదే పడింది. తమ పక్షం సేనాపతి తమ ఊరిని గెలిచి, తమకే జరిమానా వేశాడు.

ఫెయిర్‌ఫాక్స్‌ని కూడా ఒక్క ముక్కలో తీసిపారెయ్యను. అయిదు నెలల తర్వాత రాజు విచారణకి జడ్జీల్లో అతని పేరు పెడితే, మొదటి సమావేశం తర్వాత మళ్ళీ అటువైపు పోలేదు. కానీ కోల్చెస్టర్‌లో సంతకం అతనిదే.

మాజీ_సుబేదారు | మంగళవారం, ఉదయం 6:15

లూకస్, లైల్ మీద నా మాట: మాట తప్పినవాడికి ఆ కాలంలో శిక్ష ఉంది, కానీ విచారణ పెట్టి వెయ్యాలి. కొన్ని గంటల్లో తేల్చే వ్యవహారం కాదు. రెండు నెలలకి డాంకాస్టర్‌లో రాజు పక్షంవాళ్ళు రెయిన్స్‌బరో అనే కల్నల్‌ని చంపారు. అతను కోల్చెస్టర్ ముట్టడిలో పనిచేసినవాడే. అక్కడ పేల్చిన గుండు ఇక్కడ తగిలింది.

అమ్మా, జరిమానా సంగతి నాకు తెలియదు. నిన్న రాసిన లెక్కల్లో అదీ కలపాల్సింది.

కోల్న్‌ఒడ్డు | శనివారం, సాయంత్రం 6:30

వారమంతా పనిలో పడి రాయలేకపోయాను. ఇవాళ పొద్దున బయల్దేరి మీరు చెప్పినవన్నీ తిరిగాను.

సెయింట్ మేరీస్ గోపురం చూశాను మాస్టారూ. కింద రాయి, పైన ఎర్ర ఇటుక, మీరన్నట్టే. ఇప్పుడది ఆర్ట్స్ సెంటర్. పోయినేడు అక్కడే కచేరీ విన్నాను, తలెత్తి చూడలేదు. సెయింట్ బాటల్ఫ్స్ అనే పాత చర్చి ఆ వేసవి ఫిరంగి దెబ్బలకి కూలింది, ఇప్పటికీ కప్పు లేదు. స్తంభాల మధ్య గడ్డి, పిల్లలు బంతి ఆడుకుంటున్నారు.

కోట వెనక లూకస్, లైల్ పడిన చోట రాతి స్తంభం ఉంది. అక్కడ గడ్డి మొలవదని పాతకాలంలో చెప్పుకునేవారట. వాళ్ళ సమాధి సెయింట్ జైల్స్ చర్చిలో. రాజరికం తిరిగొచ్చాక, 1661లో, పెద్ద అంత్యక్రియలు చేసి నల్లరాయి వేయించారు. దాని మీద అక్షరాలు లోతుగా చెక్కించారు: వీళ్ళని తెలిసి తెలిసి, క్రూరంగా హత్య చేశారని.

ఆ తర్వాత ఈస్ట్ గేట్ దారిన నడిచాను. ఆడవాళ్ళు నిలబడింది ఏ వైపో నాకు తెలియదు. గోడ వెంట ఒక చుట్టు తిరిగాను, గంట పట్టింది. రోమన్లు కట్టిన గోడ, మధ్యమధ్య ఎర్ర పెంకుల వరసలు. కొన్ని చోట్ల మనిషెత్తుకి మించి ఉంది, కొన్ని చోట్ల ఇళ్ళ పెరట్లో కలిసిపోయింది. వాళ్ళ కోసం ఎక్కడా రాయి లేదు అక్కా. అంతా వెతికాను.

వరంగల్_అమ్మాయి | శనివారం, రాత్రి 7:55

వెతికావు, చాలు తమ్ముడూ. డచ్ క్వార్టర్ ఫోటోలు పెట్టు. మా నాన్నకి చూపిస్తాను, ఆ ఇళ్ళలో మగ్గం ఎక్కడ వేసేవాళ్ళో కిటికీ చూసి చెప్పేస్తాడు.